కమాను పట్టీలు మార్చిన పిదప

హుజూర్‌నగర్ చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు పెక్కు కలవు. బరువు లారీలు నడచు బాటలు గతుకులు పడుట సహజము. అంబాసిడరు కారు తయారీ 2014లో నిలిచినను, అది నేటికిని కొన్ని ఇండ్లలో ఉన్నది. వెనుక భాగము క్రుంగినదని కొందరు గట్టి కమాను పట్టీలను ఇంటివద్దనే అమర్చుకొందురు. మరునాటి నుండి కారు ఎగిరిపడును, కిర్రుమనును. మేము శ్రోతలకు చెప్పదలచినది ఒక్కటే: పట్టీలను నిందించుటకు ముందు బిగింపును పరీక్షింపుడు.

చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా కమాను కొనల బోల్టులను పూర్తిగా బిగించినచో, లోని రబ్బరు బుష్షులు ఆ స్థితిలోనే పట్టుకొనును. కారు నేలకు దిగగానే అవి మెలిపడి, వెనుక భాగమును ఎత్తుగా నిలిపి, త్వరలోనే చిరుగును. కావున బరువు చక్రములపై పడిన పిదపనే తుది బిగింపు చేయవలెను. ఇరుసును పట్టి ఉంచు యూ బోల్టులను కొంత దూరము నడిపిన తరువాత మరల బిగింపవలెను.

అప్పటికిని ఎగురుట ఆగనిచో షాక్ అబ్జార్బరును చూడుడు. బరువు మోయునది కమాను; ఊపును అణచునది షాక్ అబ్జార్బరు. నూనె కారు పాతది, గట్టి కమాను విసురును ఆపజాలదు.

జాకీ కారును ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. దృఢమైన స్టాండ్లు పెట్టనిదే క్రిందికి దూరవలదు. చెడిన పనిని మరల చేసికొనవచ్చును. ప్రాణము అట్టిది కాదు.