పూసల అల్లిక



కర్లపాలెపు టిండ్లలో ఎవరైన పాత సీసాకు పూసల తొడుగు అల్లినచో, అది ఆడవారి కాలక్షేపమని తీసివేయుట వాడుక. ఆ మాట నాకు సమ్మతము కాదు. సీసా పొట్టవద్ద వరుసకు పూసలు పెంచవలెను, మెడవద్ద తగ్గింపవలెను. లెక్క తప్పెనా, అల్లిక వదులై జారును, లేదా బిగిసి దారము తెగును. కాగితముపై గీత యైనను లేకుండ ఈ గణితమంతయు వ్రేళ్లతోనే నడచును. దీనిని కళ యనక మరేమందుము?

పూస మనకు క్రొత్తది కాదు. తిరుపతి చేరువ పాపానాయుడుపేటలో కరిగిన గాజును సన్నని గొట్టములుగా లాగి, ముక్కలు కోసి, మరల కాచి అంచులు నునుపుచేయు పద్ధతి ఇరువదవ శతాబ్దమునను సాగినది. పుదుచ్చేరి సమీపమున అరికమేడు త్రవ్వకములలో దొరకిన ప్రాచీనపు పూసలలో పెక్కు ఇట్టివే. ఇక లంబాడీ స్త్రీల సంగతి చెప్పనక్కరలేదు; గవ్వలు, అద్దపు బిళ్లలు, పూసలేకాదు, పాత నాణెము సైతము వారి సూదికి లొంగును.

అమెరికాలో లైజా లూ అను కళాకారిణి 1991 మొదలు 1996 వరకు శ్రమించి ఒక వంటగది నంతయు పూసలతో కప్పెను. అది నేడు న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునకు చెందినది. మన సీసాలో? అటకలపై నున్నవి.

గ్రంథాలయపు బీరువాలో ఒక అర ఖాళీచేసి, ఊరి పాత అల్లికలను అల్లినవారి పేర్లతో అందుంచవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. దారములు చివుకుచున్నవి, వచ్చే వేసవిలోపలనే పూనుకొనవలెను.