గడియారాలన్నీ ఒకే మాట చెప్పాలి



మా ఆత్మకూర్ ఇంట్లో గడియారాలు మూడు. వంటింటిది అయిదు నిమిషాలు ముందు, హాల్లోది రెండు నిమిషాలు వెనక. అబ్బాయికి బస్సు తప్పినప్పుడల్లా మాటపడేది నేనే!

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు ప్రాంతంలో భూమి కంపించింది. హనుమకొండలో మా చెల్లెలి ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయట. ఎప్పుడే అంటే అది ఒక టైము చెప్పింది, మరిది ఇంకో టైము చెప్పాడు. మనకైతే అది నవ్వులాట. భూకంపాన్ని పసిగట్టే యంత్రాలకు అలా కుదరదు.

అక్కడక్కడ పెట్టిన యంత్రాలను ఆ అల ఏ క్షణంలో తాకిందో చూసి, అది ఎక్కడ పుట్టిందో లెక్క కడతారు. గట్టి రాతిలో ఆ అల సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక యంత్రం గడియారం ఒక్క సెకను తప్పితే, దాని లెక్క 6 కిలోమీటర్లు తప్పినట్టే. ఒక ఊరనుకున్నది మరో ఊరవుతుంది!

తీగలు లేకుండా బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాల్లో సాధారణంగా, మన చేతిగడియారంలో లాగే, సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉంటుంది. ఎండకూ చలికీ దాని నడక మారుతుంది. రోజుకు ఒకటి రెండు సెకన్లు తేడా రావడం వింత కాదు. అందుకే అవి రేడియో ద్వారా ఒకదాన్నొకటి "నీ టైమెంత?" అని అడుగుతాయి. మాట పోయి జవాబు రావడానికి పట్టిన వ్యవధిలో సగం కలుపుకుని సరిదిద్దుకుంటాయి. ఒక్కసారితో తీరదు, మళ్లీ మళ్లీ అడగాల్సిందే.

నేనూ ఇప్పుడు ప్రతి ఆదివారం మూడు గడియారాలనూ రేడియో టైముకు కలుపుతున్నాను. బస్సు తప్పడం లేదు, నాకు మాటలూ తప్పాయి. సెలవు.