వెన్నెముకకు ఎండోస్కోపీ ఆపరేషన్ – నా అనుభవం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, ఫైళ్ళలో నోట్లు రాసిన గుమాస్తాను. చూసినది, అడిగి తెలుసుకున్నది మాత్రమే మనవి చేస్తాను.

2022 వర్షాకాలంలో లాల్‌దర్వాజ నుండి చార్మినార్ వైపు నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయింది. నాలుగడుగులు వేశాక గాని తెలియలేదు. చెప్పు పాతదైందనుకుని పట్టీ మార్పించాను. మళ్ళీ జారింది. అప్పటికే రెండు నెలలుగా పిరుదు నుండి పాదం దాకా లాగుతున్న నొప్పిని ఇంట్లో చెప్పకుండా బామ్‌తో నెట్టుకొస్తున్నాను.

ఎం.ఆర్.ఐ. తీస్తే నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు వెనక్కు జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. ఈ నొప్పి చాలామందికి మందులతో, వ్యాయామంతో కొన్ని వారాల్లో తగ్గుతుందట. కాని బొటనవేలు పైకి లేవడం లేదు కనుక ఆలస్యం తగదన్నారు.

నా భయమంతా మత్తు గురించే. మత్తుమందుల చర్చ మన ఊరికి కొత్తదేమీ కాదు. ఆరవ నిజాం కాలంలో, 1888, 1889లలో, లారీ దొరగారి హయాంలో ఇక్కడి క్లోరోఫామ్ కమిషన్లు చేసిన ప్రయోగాల మీద ఇంగ్లాండు డాక్టర్లు కూడా వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ చోటుకే మత్తు ఇచ్చారు. బోర్లా పడుకుని డాక్టరుగారితో మాట్లాడుతూనే ఉన్నాను. ఒక సెంటీమీటరు లోపు గాటు, అందులోంచి సన్నని గొట్టం, దాని కొసన కెమెరా. సెలైను నీరు పారిస్తూ, తెర మీద చూస్తూ, జారిన ముక్కను చిన్న పటకారుతో తీశారు. పాత పద్ధతిలో కండరాన్ని ఎముక నుండి విడదీసేవారు. మరునాడు ఇంటికి వచ్చాను.

అయితే ఇది అందరికీ పనికిరాదు. పూస జారి కదులుతున్న వారికి కొందరికి స్క్రూలు తప్పవు. డిస్కు మళ్ళీ జారే అవకాశమూ ఉంది. కాలినొప్పి తగ్గడంలో మైక్రోస్కోపు ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా లేదట. అందువల్ల ప్రకటనలు చూసి పరుగెత్తకండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి. సిగ్గుపడి ఆగవద్దు. నా నొప్పి పోయింది గాని, నేను ఆలస్యం చేసినందుకు బొటనవేలు ఇప్పటికీ సగమే లేస్తుంది.

రీయింబర్స్‌మెంటుకు ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు అక్కడే సంతకాలతో తీసుకోండి. నా ఎం.ఆర్.ఐ. ఫిల్ములు సంచీలో ఉన్నాయి, భోజనాల తరువాత చూడవచ్చు.