పానం ఎట్లుందని అడగండి

మాక్లూర్‌లో ఈ రోజు పట్టా అందుకుంటున్న నర్సింగ్ విద్యార్థులారా, మీకు అభినందనలు.

రేపు మీలో చాలామంది నిజామాబాద్ సర్కారు దవాఖానలోనో, ఏదో పీహెచ్‌సీలోనో డ్యూటీ ఎక్కుతారు. బీపీ చూస్తారు, సెలైన్ పెడతారు. రోగి మనసులోని రంది మాత్రం కేస్ షీట్‌లోకి ఎక్కదు.

ఆ రందిని పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే, 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు మన జిల్లాలో ఏమైందో ఇంట్లో పెద్దలను అడగండి. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం ఒక్కసారిగా అందకపోయేసరికి చేతులు వణికాయి, నిద్ర దూరమైంది, ఫిట్స్ వచ్చాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడితే మళ్ళీ అదే గోస. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. లోకం వాళ్ళను తాగుబోతులంది. కానీ పొద్దంతా నడుం వంచి బీడీలు చుట్టిన అమ్మకు, చెరుకు కొట్టిన కూలీకి, కొడుకు దుబాయిలో చిక్కుకున్న తండ్రికి ఆ సాయంత్రపు కల్లు సీసానే నొప్పికీ రందికీ మందు. ఆ మందు విషమని చెప్పాల్సిందే. దాని బదులు ఏం చేయాలో కూడా మనమే చెప్పాలి.

ఆ పని ఇంటి గుమ్మం దాకా వెళ్ళి చేయొచ్చు. థాయ్‌లాండ్‌లో పది లక్షల మంది ఊరి ఆరోగ్య వలంటీర్లు కరోనా కాలంలో ఇంటింటికీ తిరిగి బాగోగులు కనుక్కున్నారు. మనకు ఆశా కార్యకర్తలు ఉన్నారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు ప్రతి రోగి ఇంటివాళ్ళకూ రాసివ్వండి.

"గాబరైతుంది సిస్టర్" అని ఎవరైనా అంటే "ఏం కాదు, పండుకో" అనకండి. పక్కన కూర్చోండి. నిద్ర పడుతోందా, ఇంట్లో తోడెవరు, కల్లు అలవాటుందా, ఎప్పుడు ఆపారు అని అడగండి. అలవాటు దాచిపెట్టి ఆపరేషన్‌కు చేరిన మనిషికి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. చెప్పిందంతా రాసి డాక్టరుకు చూపండి. మొక్కులు, ముడుపులు చూసి నవ్వకండి. "మొక్కుకో అమ్మా, మందు మాత్రం ఆపకు" అనండి. నైట్ డ్యూటీల్లో మీ మనసు బరువెక్కితే మీరూ ఎవరికైనా చెప్పుకోండి.

రోగిని "పానం ఎట్లుంది?" అని అడగడం, జవాబు పూర్తయ్యేదాకా వినడం కూడా వైద్యమే. మొదటి రోజు నుంచే ఆ పని మొదలుపెట్టండి.