డెల్టాలో ఇంత వరి ఎందుకు?

వ్యవసాయ విద్యార్థిని పరీక్షించాలంటే ఎరువుల మోతాదులే అడగాలా? ‘గోదావరి డెల్టాలో ఇంత వరి ఎందుకు?’ అని అడిగి, నెల గడువిచ్చి ఊళ్లలోకి పంపండి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాన్ని కట్టించిన కాటన్ దొర పేరు ఎవరైనా రాస్తారు. వాటికి రెండు మార్కులు చాలు. కాలువ నీళ్లొచ్చాక ఏ మెట్టపంటలు తగ్గాయి, శిస్తు ఎలా మారింది, శివారు పొలాలకు తడి అందిందా అన్నవి పాత రికార్డుల్లో వెతికి, పెద్దల మాటలతో సరిచూస్తే అసలు మార్కులు. రికార్డుకూ మాటకూ పొంతన కుదరలేదా? ఆ తేడాను దాచకుండా రాసినవారికి నేనైతే ఇంకో రెండు వేస్తాను. ఆఖరి ప్రశ్న మాత్రం కాలువ గట్టు మీదే అడగాలి: ‘ఈ చేలో వచ్చే సార్వాకి ఏం వేయమంటావు, ఎందుకు?’