తట్టిన నొప్పి తగ్గును, గాయము మానదు



పసిబిడ్డ గడప తగిలి పడినప్పుడు తల్లి యేమి చేయును? దెబ్బ తగిలిన చోటును అరచేతితో నిమురును, మెల్లగా తట్టును, పిదప నేలను ఒక దెబ్బ కొట్టి బిడ్డను ఊరడించును. బిడ్డ ఏడుపు మానును. ఇది కేవలము గారాబమని కొందరు తలంతురు. కాని ఈ వాడుకకు శాస్త్రసమ్మతమైన కారణము గలదు. ఆ కారణమును, దానికి గల హద్దును నేడు మీకు విన్నవింపదలచితిమి.

మన శరీరమందు స్పర్శను తెలుపు నరములు వేరు, నొప్పిని తెలుపు నరములు వేరు. స్పర్శ నరములు లావైనవి. అవి సెకనుకు 30 మీటర్లకు మించిన వేగముతో వార్తను చేర్చును. దెబ్బ తగిలిన తరువాత చాలసేపు నిలుచు సలుపును తెలుపునవి మిక్కిలి సన్నని పోగులు. వాని వేగము సెకనుకు 2 మీటర్లకు మించదు. ఈ రెండు విధముల వార్తలును వెన్నుపామును చేరును. అచ్చట కాలువ తూము వంటి ఏర్పాటు గలదనియు, స్పర్శ వార్తలు దండిగా వచ్చినప్పుడు ఆ తూము కొంత మూసికొని నొప్పి వార్త మెదడునకు తక్కువగా పారుననియు 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. వారు చెప్పిన వివరములు కొన్ని తరువాత మారినను మూలభావము నిలిచినది. తల్లి నేలను కొట్టుటయు వ్యర్థము కాదు. మనస్సు మరలినప్పుడు నొప్పియు తగ్గును.

కావున మోచేయి గోడకు గాని, మోకాలు మంచపుకోటికి గాని తగిలి, చర్మము చిట్లకున్నచో, దెబ్బకు చుట్టునున్న చోటును వ్రేళ్ల కొనలతో మెల్లగా ఒకటి రెండు నిమిషములు తట్టవచ్చును. నొప్పి పెరిగినచో వెంటనే ఆపవలెను. వాపు వచ్చినచో చన్నీటిలో తడిపిన గుడ్డ వేయవలెను.

అమెరికా దేశమున 1990ల నుండి గేరీ క్రెయిగ్ అనునతడు ప్రచారము చేసిన పద్ధతి యొకటి గలదు. ముఖముపైనను ఛాతీపైనను కొన్ని స్థానములను తట్టినచో శరీరములోని శక్తిమార్గములు చక్కబడునని దాని వాదము. అట్టి మార్గములు గలవనుటకు శాస్త్రాధారము లేదు. కొందరికి ఊరట కలుగవచ్చును గాని, దానిని నమ్మి వైద్యమును మానరాదు.

మేము గ్రామములకు పోయినప్పుడు "నొప్పి తగ్గినది గదా, ఆసుపత్రి యెందులకు?" అను మాటను తరచుగా వినుచుందుము. నొప్పి కావలివాని కేక వంటిది. కేక ఆగినంత మాత్రమున దొంగ పోయినట్లు కాదు. ధనుర్వాత క్రిములు మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. కొడవలి గీరినను, ముల్లు గుచ్చుకొన్నను ఆ చిన్న గాయమే వానికి చాలును. గాయపు నొప్పి మరచిన కొన్ని దినములకు దవడ బిగిసికొనును. అప్పుడు ప్రాణమునకే ముప్పు. కావున గాయమును సబ్బుతోను, శుభ్రమైన నీటితోను కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో టీకా విషయము విచారింపవలెను. పిల్లలకు 10వ ఏటను, 16వ ఏటను టీడీ టీకా తప్పక వేయింపవలెను.

తట్టుటయు, రుద్దుటయు కూడని సమయములు కొన్ని గలవు. ఎముక విరిగినదను అనుమానము కలిగినచో ఆ అవయవమును కదల్పరాదు. కాలిన చోటును రుద్దక, 20 నిమిషములు చల్లని నీటి ధార క్రింద ఉంచవలెను. సిరా గాని, పండ్ల పేస్టు గాని పూయరాదు. పాము కరచినచో కాటును కోయరాదు, రుద్దరాదు, బిగించి కట్టరాదు. రోగిని నడిపింపక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. తలకు దెబ్బ తగిలి వాంతులైనను, మగత కమ్మినను ఆలస్యము చేయరాదు.

తల్లి చేతి చలువ చిన్న దెబ్బకు మంచి మందు. ఆ చేతితోనే బిడ్డ గాయమును కడిగి, అవసరమైనప్పుడు ఆ చేతితోనే బిడ్డను వైద్యుని యొద్దకు కొనిపోవుదురు గాక యని మా మనవి.