ఆరోగ్య ఖాతా – అందుకు తోడ్పాటు



రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలమున ఎంకపల్లి అను గ్రామము కలదు. భాస్కర్ వైద్య కళాశాల ఉన్నది ఆ గ్రామముననే. ఇంత సమీపమున పెద్ద వైద్యశాల ఉండుట అన్ని పల్లెలకును పట్టు భాగ్యము కాదు. అయినను, వైద్యుడు ఎంత దగ్గర నున్నను పాత చీటీలు చూడనిదే రోగి పూర్వస్థితిని ఎరుగజాలడు. ఆ చీటీలు మన యిండ్లలో ఎచ్చట ఉండునో మనకు తెలియనిది కాదు. గోడ మేకునకు వ్రేలాడు ప్లాస్టిక్ సంచిలో, సగము చెమ్మకు, సగము చెదలకు.

ఈ చిక్కును తీర్చుటకే కేంద్రప్రభుత్వము 2020 ఆగస్టు 15న ఒక పథకమును ప్రకటించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికి విస్తరించినది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అని దాని పేరు. కోరిన వారికి 14 అంకెల 'ఆభా' సంఖ్య ఇత్తురు. రికార్డులన్నియు ఢిల్లీలో ఒకేచోట కుప్పపడునని కొందరి భయము. అది సరి కాదు. ఏ వైద్యశాల వ్రాసినది ఆ వైద్యశాలయందే ఉండును. మరియొకరు చూడగోరినచో ఖాతాదారుని అనుమతి కావలెను. ఆ అనుమతికి గడువు పెట్టవచ్చును, ఇచ్చినదానిని ఉపసంహరించుకొననూ వచ్చును.

ఇంకొక పొరపాటు మరింత హాని చేయునది. ఆభా కార్డు చేతికి రాగానే వైద్యము ఉచితమని తలచువారు పెక్కురు. చికిత్స ఖర్చు భరించునది ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబరు 9 నాడు దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఆభా కేవలము కాగితముల ఖాతా. శస్త్రచికిత్స రోజున ఈ భేదము తెలిసివచ్చుట కంటె ముందే తెలిసియుండుట మేలు.

ఇక అసలు కష్టము ఫోనుతో వచ్చును. ఖాతా తెరచునప్పుడు ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు ఆరంకెల సంఖ్య వచ్చును. "ఫోను మా పిలగాని తాన ఉన్నది బిడ్డా, వాడు డ్యూటీల ఉన్నడు, ఎత్తుతలేడు" అను ముసలితల్లి పలుకు ఈ ప్రాంతమున ఎవ్వరికిని క్రొత్త కాదు. ఆధార్‌కు పాత సంఖ్యయే ఉన్నచో, స్వయముగా ఆధార్ కేంద్రమునకు పోయి మార్పించుకొనవచ్చును. అక్కడ వ్రేలిముద్ర వేయవలెను గదా. కొడుకు పోయినను లాభము లేదు.

చదువు రానివారికి ఎవరో ఒకరి సాయము తప్పదు. ఆ సాయము ఎవరిది అనునదే మా దృష్టిలో ముఖ్యము. క్షయకు మందులు వాడుచున్న కోడలు ఆ సంగతి ఊరంతటికి పొక్కవలెనని కోరదు. ఖాతా తెరచి ఇచ్చినవారి ఫోనే ఖాతాకు జతపడినచో, ఆమె గుట్టు వారి గుప్పిట చిక్కినట్లే. కనుక దుకాణమువాని సంఖ్య గాని, పొరుగువారి సంఖ్య గాని వ్రాయింపరాదు. సొంత ఫోను లేనివారు ఆగుటయే మంచిది. ఈ ఖాతా నిర్బంధము కాదు; తెరచిన పిమ్మట వలదనుకొన్నను తొలగించుకొనవచ్చును.

చిక్కు తెగనప్పుడు 1800-11-4477కు గాని, 14477కు గాని ఫోను చేయవచ్చును, రుసుము లేదు. ఆభా సంఖ్య, ఏ దినమున ఏ వైద్యశాలలో ఏమి జరిగినదో ముందుగా కాగితముపై వ్రాసికొనుడు. వైద్యశాల బల్ల వద్ద మన పనికై మన యెదుట కూర్చున్నవారికి ఆరంకెలు చెప్పుట వేరు. ఫోనులో అడిగినవారికి చెప్పుట వేరు. ఆ విధముగా మోసపోయి డబ్బు పోయినచో వెంటనే 1930కు తెలుపవలెను.

పాత చీటీలను ఫోటో తీసి ఖాతాలో చేర్చుకొను వీలు కూడ ఉన్నది. అంతవరకు ఆ సంచిని పారవేయకుడు. మేకు నుండి దించి పెట్టెలో పెట్టుడు.